సముద్రం మీద పద్నాలుగు కుట్లు

కొమరోలు మండలం,
16 జూన్ 2025

చిరంజీవి సుచరితకు అవ్వ ఆశీస్సులు.

ఫోను చేయకుండా ఉత్తరం రాస్తున్నందుకు నవ్వుకుంటావని తెలుసు. ఫోనులో అన్న మాటకు తేదీ ఉండదు, సంతకం ఉండదు. రేపు నేననలేదంటే సాక్ష్యం లేదు. కాబట్టి నువ్వు కూడా జవాబు ఉత్తరంలోనే రాయాలి. అక్షరాలు ఇదివరకటిలా కోడి కెలికినట్టు ఉండకూడదు.

విషయానికి వస్తాను. నేను రిటైరైన ఏడాది పాలకేంద్రం పక్క గదిలో పెట్టిన పఠనాలయం నీకు గుర్తుండే ఉంటుంది. దానికి పద్నాలుగేళ్ళు నిండాయి. మొన్న సర్పంచి మాల్యాద్రి వచ్చాడు. నా దగ్గర ఎనిమిదో తరగతి రెండుసార్లు చదివినవాడు.

"టీచరమ్మా, పాలు చల్లబెట్టే మిషను వస్తా ఉంది. పెట్టేదానికి జాగా లేదు. మీ గదిలో చూస్తే ముగ్గురు ముసలోళ్ళు పేపరు మొగానికి కప్పుకోని నిద్దరపోతాండారు" అన్నాడు.

"ఇద్దరే. మూడో ఆయన నిజంగానే చదువుతాడు" అన్నాను.

"సరే, ఇద్దరే. పిల్లకాయలేరి? నవంబరులో గ్రంథాలయ వారోత్సవాలు వస్తాయి గదా, ఆ పొద్దుటికి ఇరవై మందిని చూపించండి. ఉత్త పేర్లు రాసి చూపిస్తే కుదరదు. చదివినారో లేదో నేనే నిలబెట్టి అడుగుతా. లేకుంటే గది మిషనుకు."

అతను అన్నదాంట్లో అన్యాయం లేదు. ఎండాకాలం పాలు విరిగి పారబోసిన ఇళ్ళు ఈ ఊళ్ళో చాలా ఉన్నాయి. అయినా ఆ గది పోతే మధ్యాహ్నం రెండు నుంచి ఆరు దాకా నేనేం చేయాలో నాకు తెలియదు. నీ జాలి కోసం ఈ మాట రాయడం లేదు. విషయం నీకు తెలియాలని రాస్తున్నాను.

నువ్వు హైదరాబాదులో పుస్తకాలు అచ్చువేసే చోట పనిచేస్తున్నావు. ఈ కాలం పిల్లలు చదివే కొత్త నవలలు కొన్ని పంపు. ప్రేమలు, అబద్ధాలు, పెద్దలకు ఎదురు చెప్పడం లేనివి చూసి పంపు.

ఇట్లు,
నీ అవ్వ
నాగేంద్రమ్మ

—

హైదరాబాద్,
24 జూన్ 2025

అవ్వకు పాదాభివందనాలు. (నేను కుర్చీలోనే ఉన్నాను. వంగినట్టే అనుకో.)

నీ మూడు షరతులూ మా ఆఫీసులో చదివి వినిపించాను. అవి మూడూ లేకుండా ఉండేది పంచాంగం ఒక్కటేనని మా ఎడిటర్ గారు అన్నారు.

అవ్వా, ఇప్పుడు కొత్త రకం నవలలు వస్తున్నాయి. యంగ్ అడల్ట్ నవలలంటారు. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ళ వాళ్ళ కోసం. ఈ వయసువాళ్ళు రాజకుమారుడి కథలకు ఎప్పుడో పెద్దవాళ్ళైపోయారు. అత్తాకోడళ్ళ నవలలకు ఇంకా చిన్నవాళ్ళే. మధ్యలో ఉన్న వీళ్ళకు తెలుగులో చదవడానికి ఇన్నాళ్ళూ ఏమీ లేదు. అందుకే ఈ ఏడాది మేము నాలుగు తెచ్చాం.

నాలుగూ గిద్దలూరు బస్సుకు పార్సిల్ వేశాను. 'డకౌట్ సుబ్బులు' ఆడపిల్లల క్రికెట్ టీము కథ. 'సీతాఫలాల దొంగ'లో ఇద్దరు స్నేహితులు దొంగను వెతుకుతారు. 'సెల్ టవర్ మీద దయ్యం' చివరి పేజీ దాకా ఊపిరి ఆడనివ్వదు. నాలుగోది 'కిటికీ సీటు'. రచయిత్రి వాసంతి అని కొత్తమ్మాయి, ఇదే మొదటి నవల. అది మాత్రం నిదానంగా చదువు. నీ అభిప్రాయం నాకు కావాలి. చాలా కావాలి.

నీ కోడి కెలుకుడు మనవరాలు,
సుచరిత

—

కొమరోలు మండలం,
9 జులై 2025

చిరంజీవి సుచరితకు,

పుస్తకాలు నాలుగూ క్షేమంగా చేరాయి. పదకొండు రోజుల్లో అన్నీ చదివాను.

ముందుగా ఆ వయసు సంగతి. పదమూడు నుంచి పద్దెనిమిది అన్నావు. మన వైపు అలాంటి వయసే లేదు. పది పాసయ్యేదాకా పిల్లకాయలు. పాసైన మర్నాటి నుంచి "ఇంత వయసొచ్చింది, బుద్ధి లేదు." ఈ రెండింటి నడుమ పుస్తకం పట్టేంత సందు నాకు కనబడలేదు.

'డకౌట్ సుబ్బులు'లో ఆ పిల్ల పెద్దలకు నలభై మూడుసార్లు ఎదురు చెప్పింది. అయినా క్రమం తప్పకుండా సాధన చేసింది కాబట్టి ఒప్పుకున్నాను. 'సీతాఫలాల దొంగ'లో మే నెలలో సీతాఫలాలు దొంగతనం చేయించారు. మే నెలలో నల్లమలలో ఆ చెట్టుకు ఆకులే సరిగా ఉండవు. పండే లేనప్పుడు దొంగ ఎక్కడ, వెతకడం ఎక్కడ? నూట ఎనభై పేజీలు వృథా. 'సెల్ టవర్ మీద దయ్యం' బాగానే ఉంది. పిల్లలు జడుసుకోకుండా మొదటి పేజీలోనే పెన్సిలుతో "దయ్యం లేదు, వాచ్‌మన్ తమ్ముడే" అని రాసి పెట్టాను.

ఇక 'కిటికీ సీటు'. ఎవరీ వాసంతి? పదహారేళ్ళ పిల్ల స్పెషల్ క్లాసు ఉందని ఇంట్లో అవ్వకు అబద్ధం చెప్పి, ఒంటరిగా బస్సెక్కి సముద్రం చూడటానికి పోతుంది. ఏ శిక్షా పడకుండా తిరిగి వస్తుంది. పైగా 61వ పేజీలో "మా అవ్వ అన్నీ రాసుకుంటుంది. ఏదీ కనిపెట్టదు" అని వెక్కిరింపు. పెద్దల నీడ లేకుండా పెరిగిన మనిషి రాత ఇది. భాష మాత్రం తప్పుల్లేకుండా ఉంది. ఆ మాట చెప్పకపోతే అన్యాయమవుతుంది.

ఇక్కడ దుకాణంలో దారం నాసిగా ఉంది. తెల్లటి గట్టి దారం నాలుగు ఉండలు పంపు. పుస్తకాలకు కావాలి.

ఇప్పటికి చేరిన పిల్లలు నలుగురు.

నాగేంద్రమ్మ

—

హైదరాబాద్,
20 జులై 2025

అవ్వా,

దయ్యం సంగతి మొదటి పేజీలోనే రాసేశావా! మా రచయిత ఆ వాచ్‌మన్ తమ్ముణ్ణి దాచడానికి ఆరు నెలలు కష్టపడ్డాడు. ఆయనకు ఈ మాట చెప్పలేదు, చెప్పను కూడా.

దారం నాలుగు కాదు, ఆరు ఉండలు పంపుతున్నాను. నీ ఉత్తరం చదివి నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అట్టలు ఊడకుండా, పేజీలు రాలకుండా ఈ వయసులో కూర్చుని పుస్తకాలు కుడుతున్నావన్నమాట. ఆఫీసులో అందరికీ చెప్పాను. "పాఠకులంటే అలా ఉండాలి" అన్నారు మా ఎడిటర్ గారు. నీ ఫొటో వేసి, "ఒక అవ్వ మా పుస్తకాలను ఎలా కాపాడుకుంటోందో చూడండి" అని కరపత్రం తీద్దామంటున్నారు.

వాసంతి గురించి అంత కోపం వద్దు. ఆమె పెద్దల నీడలోనే పెరిగిందని విన్నాను. కొంచెం ఎక్కువ నీడలోనే.

ఆ సముద్రం భాగం నీకు నిజంగా ఏమీ అనిపించలేదా?

సుచరిత

—

కొమరోలు మండలం,
28 ఆగస్టు 2025

చిరంజీవి సుచరితకు,

దారం అందింది. నాణ్యమైనది. కరపత్రంలో ఫొటో వేయడానికి అభ్యంతరం లేదు, అయితే కళ్ళద్దాలు లేనిది వేయాలి.

శుభవార్త. పిల్లలు నలుగురి నుంచి పదిహేడుకు పెరిగారు. నువ్వు నమ్మవు, గిరాకీ అంతా ఆ 'కిటికీ సీటు'కే. ఉన్నది ఒక్క ప్రతి. దాని కోసం తొమ్మిది మంది వరసలో ఉన్నారు. మూడు కిలోమీటర్లు సైకిలు తొక్కుకుని పక్క పల్లె నుంచి ఇద్దరు వచ్చారు. నా విధానం ఫలించిందని మాల్యాద్రికి కబురు చేశాను.

విధానం ఏమిటో నీకూ చెబుతాను, మీ కంపెనీకి పనికొస్తుంది. పుస్తకంలో పిల్లలకు తగని భాగాన్ని చింపకూడదు, అది పుస్తకాన్ని గాయపరచడమే. అందుకని 58 నుంచి 71 దాకా, అంటే అబద్ధం చెప్పి సముద్రానికి పోయిన భాగమంతా కలిపి, అంచు వెంట నువ్వు పంపిన దారంతో కుట్టేశాను. పేజీకొకటి చొప్పున పద్నాలుగు కుట్లు. ముడి ఎడమ వైపు. ఇప్పుడు ఏ పిల్ల చేతికైనా నిశ్చింతగా ఇవ్వవచ్చు. తల్లిదండ్రులకు నమ్మకం కుదిరింది, అందుకే ఇంత గిరాకీ.

ఒక చిన్న విషయం. మొన్న పుస్తకం తిరిగి వచ్చినప్పుడు లెక్కపెడితే పదిహేను కుట్లున్నాయి. నా లెక్క తప్పే అవకాశం లేదు. వానాకాలపు చెమ్మకు దారం సాగి ఉంటుంది.

నాగేంద్రమ్మ

—

హైదరాబాద్,
5 సెప్టెంబర్ 2025

అవ్వా!

ఉపాధ్యాయ దినోత్సవం నాడు టీచరుతో పోట్లాడకూడదంటారు. అయినా ఆగలేకపోతున్నాను.

పుస్తకం నోరు కుట్టేశావా? నేను పంపిన దారంతోనా? కరపత్రం అప్పుడే అచ్చయింది. నీ ఫొటో కింద "పుస్తకానికి అమ్మమనసు" అని వేశారు.

దారం సాగితే కుట్లు పెరగవవ్వా. ఎవరో విప్పి చదివి మళ్ళీ కుడుతున్నారు. ఆ తొమ్మిది మంది వరసలో నిలబడింది నీ విధానం చూసి కాదు. "ఇందులో ఏముందో టీచరమ్మ కుట్టేసింది" అని ఊరంతా పాకి ఉంటుంది. సీతాఫలాల దొంగను ఎవరూ అడగలేదెందుకో ఆలోచించు.

దయచేసి ఆ కుట్లు విప్పెయ్. ఆ పద్నాలుగు పేజీలే ఆ పుస్తకం. మిగతా నూట తొంభై వాటి కోసమే ఉన్నాయి. ఆ పిల్ల సముద్రం చూసి వచ్చి అవ్వ ముందు నిలబడి నోరు విప్పలేకపోతుంది చూడు, 71వ పేజీలో. శిక్ష పడలేదన్నావు. అంతకంటే శిక్ష ఏముంటుంది? చదివావు కదా, నీకు కనిపించలేదా?

ఈ సంగతి తెలిసి రచయిత్రి రెండు రోజులు అన్నం తినలేదని ఇక్కడ చెప్పుకుంటున్నారు.

సుచరిత

—

కొమరోలు మండలం,
12 అక్టోబర్ 2025

చిరంజీవి సుచరితకు,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. పెద్దలకు ఎదురు చెప్పడం మీ పుస్తకాల వల్లే వస్తుందని రుజువైంది. రచయిత్రికి మజ్జిగన్నం తినమని చెప్పు.

నువ్వన్నది నిజమో కాదో తేల్చుకోవడానికి నిన్న మూడింటికి బజారుకు పోతున్నానని చెప్పి, గది వెనక గోడ పక్కన ముక్కాలిపీట వేసుకుని కూర్చున్నాను. (బజారుకు పోయాను కూడా, కాకపోతే తరువాత. కాబట్టి అది అబద్ధం కాదు.)

ముందుగా సరళ గొంతు. మన అంకన్న మనవరాలు, ఇంటర్ మొదటి సంవత్సరం, టైలరింగు నేర్చుకుంటోంది.

"మే పిల్లా, బ్లేడు ఇట్ల పట్టుకో. దారం తెంపకూడదు, ముడి విప్పాల. పోయినసారి నువ్వు పదైదు వేసి పెట్టినావు. టీచరమ్మ లెక్కబెడతాది."

"లెక్కబెట్టి ఏం జేస్తాది? దారం సాగిందనుకుంటాదిలే" అని ఇంకొకరు. అందరూ నవ్వారు. ఆ రెండో గొంతు ఎవరిదో నాకు తెలుసు, రాయను.

లేచి లోపలికి పోదామనుకున్నాను. అంతలో పోలేరమ్మ పైకి చదవడం మొదలుపెట్టింది. పదో తరగతి పిల్ల, వాళ్ళకు గొర్రెలు, మేకలు ఉన్నాయి, ఆదివారాలు తనే కొండకు తోలుకుపోతుంది. బడిలో నోరు విప్పదని వాళ్ళ మాస్టరు చెప్పేవాడు. 58 నుంచి 71 దాకా ఒక్క ఊపున చదివింది. ఒత్తులు, దీర్ఘాలు అన్నీ సరిగ్గా పలికింది. అలాంటి పఠనాన్ని మధ్యలో ఆపడం పద్ధతి కాదు కాబట్టి కూర్చుండిపోయాను.

చదవడం అయ్యాక సరళ, "ఆ పిల్ల వాళ్ళవ్వకు ఎప్పటికైనా చెప్పిందంటావా మే?" అంది. పుస్తకంలో అది లేదు. చెప్పిందని కొందరు, చచ్చినా చెప్పదని కొందరు. నేను లేచి బజారుకు పోయాను.

తిరిగి వచ్చి చూస్తే పద్నాలుగు కుట్లు, ముడి ఎడమ వైపు. సరళ చేతిపని నాకంటే నయంగా ఉంది. విప్పాలా వద్దా అన్నది ఆలోచిస్తున్నాను. ఇప్పటికి పిల్లలు ఇరవై మూడు.

నాగేంద్రమ్మ

—

హైదరాబాద్,
25 అక్టోబర్ 2025

అవ్వా, కార్డు ముక్కలో ఒక్క ప్రశ్న. చెవులారా విన్నావు కదా. ఎలా ఉంది?

సు.

—

కొమరోలు మండలం,
15 నవంబర్ 2025

చిరంజీవి సుచరితకు,

నీ కార్డుకు జవాబు ఇవ్వకముందే పద్నాలుగో తేదీ వచ్చేసింది. జరిగింది జరిగినట్టు రాస్తాను.

గది ముందు షామియానా వేశారు. పెద్దవాళ్ళు నలభై ఒక్క మంది, పిల్లలు ఇరవై మూడు. పాలమిషను కూడా వచ్చి ట్రాక్టరు మీదే తాడు కట్టుకుని కూర్చుంది. మాల్యాద్రి బల్ల మీది నాలుగు పుస్తకాలు అటూ ఇటూ తిప్పి పిల్లల్ని లేపడం మొదలుపెట్టాడు. దయ్యం కథ గురించి అడిగితే నలుగురు ఒకేసారి "వాచ్‌మన్ తమ్ముడు" అన్నారు. అంతకు మించి ఏమీ చెప్పలేకపోయారు. ఆ తప్పు నాదే.

ఆ తరువాత పోలేరమ్మను లేపాడు.

"నువ్వేం చదివినావు మే?"

"సముద్రం చూసేదానికి పోయిన పిల్ల కథ సార్."

"సముద్రం ఎట్లుందంట?"

"మంద మలిపితే గొర్రెలన్నీ ఒక్కసారి ముందుకొచ్చి, ఆడికాడికి ఆగి, మళ్ళా ఎనక్కి పోతాయి గదా సార్. అట్ల వస్తాయంట అలలు. ఎన్నిసార్లు చూసినా లెక్క తెగదంట. ఆ పిల్లకు వాళ్ళవ్వ గుర్తొచ్చిందంట, వాళ్ళవ్వ ఉంటే లెక్కబెట్టేదేమోనని. తోడు తీసుకొచ్చి ఉంటే బాగుండు అనిపించిందంట."

సుచరితా, గొర్రెల పోలిక పుస్తకంలో లేదు. అది పోలేరమ్మదే. నిన్నటి దాకా నోరు లేని పిల్ల నలభై ఒక్క మంది ముందు నిలబడి సొంత మాట చెప్పింది. ఆ తరువాత లేచిన వాళ్ళందరూ ఆ సముద్రమే చెప్పారు. ఒకడు స్పెషల్ క్లాసని చెప్పి ఎక్కిన బస్సు గురించి, ఒకతె ఆ పిల్ల కొనుక్కుని తినకుండా తెచ్చిన మురుకుల పొట్లం గురించి. అందరూ ఆ పద్నాలుగు పేజీల్లోనే తిరిగారు. పుస్తకంలో మిగతా నూట తొంభై పేజీలు ఉన్నాయన్న సంగతే ఎవరికీ పట్టలేదు.

అప్పుడు అంకన్న లేచాడు. "ఉండు మాల్యాద్రీ. ఆ పిల్ల ఇంట్లో ఏం జెప్పి పోయింది? స్పెషల్ క్లాసని అబద్ధం జెప్పి గదా? ఏంది టీచరమ్మా ఇది? మా పిల్లోళ్ళకు ఇదా నేర్పిచ్చేది?"

వెనక వరసలో గుసగుసలు మొదలయ్యాయి. మాల్యాద్రి నా వైపు తిరిగాడు. "మీకు తెలిసే చదివినారా టీచరమ్మా? లేకుంటే మీ కండ్లు గప్పి చదివినారా? మీకు తెలియకుండా చదివింటే అది నేను లెక్కలోకి తీసుకోను."

ఇరవై మూడు మందీ నన్నే చూస్తున్నారు. సరళ తల దించుకుంది. నిజం చెబితే వాళ్ళు దొంగలవుతారు, గది మిషనుదవుతుంది. నేను ముప్పై నాలుగేళ్ళు అబద్ధం ఆడకూడదని నల్లబల్ల మీద రాయించిన మనిషిని.

"నేనే చదవమన్నాను" అన్నాను.

మాల్యాద్రి తెలివైనవాడు, ఎనిమిదో తరగతిలో అది బయటపడలేదు. పుస్తకం తెరిచి అంచు చూపించాడు. "మరి ఈ కుట్లేంది?"

"బైండింగు" అన్నాను.

అంకన్న ఇంకా నిలబడే ఉన్నాడు. "అంకన్నా, అబద్ధం చెప్పి పోయిన పిల్ల ఇంటికొచ్చి ఎంత కుమిలిపోయిందో మీ మనవరాలికి తెలుసు. నీకు తెలియాలంటే 71వ పేజీ చదువు. కూర్చో" అన్నాను. ఆ గొంతుకు అతను నా మొదటి తరగతిలో కూర్చున్ననాటి నుంచి అలవాటే. కూర్చున్నాడు.

"ఇరవై అడిగినా, ఇరవై మూడు చూపించినారు. గది మీదే" అన్నాడు మాల్యాద్రి. మిషనును పాలకేంద్రం వసారాలో దించి, చుట్టూ రేకులు కొట్టిస్తానన్నాడు. సరళ వచ్చి నా కాళ్ళకు దండం పెట్టి పారిపోయింది.

ఒక పూటలో రెండు అబద్ధాలు. శిక్షగా నిన్నటి నుంచి వారం రోజులు కాఫీ మానేస్తున్నాను. నీ కార్డుకు జవాబు: బాగుంది. మొదటిసారి చదివినప్పుడు తప్పులు వెతుకుతూ చదివాను. రెండోసారి గోడ వెనక కళ్ళద్దాలు లేకుండా విన్నాను. రచయిత్రికి ఈ మాట చేరవేయి. కుట్లు విప్పేశాను.

తలనొప్పిగా ఉంది. కాఫీ లేకపోవడం వల్ల.

నాగేంద్రమ్మ

—

హైదరాబాద్,
22 నవంబర్ 2025

అవ్వా,

నీ ఉత్తరం చేరవేశాను. ఎక్కువ దూరం పోవలసిన పని లేకపోయింది.

వాసంతి నేనే.

ఆ పుస్తకం నేనే రాశాను. సొంత పేరు పెడితే నువ్వు చదవగానే కనిపెట్టేస్తావని భయపడ్డాను. ఇంకా ఉంది. అందులోది కథ కాదు. పదో తరగతిలో, 2018 నవంబరులో ఒక ఆదివారం, గిద్దలూరులో స్పెషల్ క్లాసని చెప్పి తెల్లవారుజామున బయలుదేరానే, ఆ రోజు గిద్దలూరులో దిగి ఒంగోలు బస్సెక్కాను. అక్కడి నుంచి కొత్తపట్నం. సముద్రం ముందు రెండు గంటలు కూర్చున్నాను. కొన్న మురుకులు తినకుండానే తెచ్చుకున్నాను. ఇంటికొచ్చేసరికి నువ్వు గడప దగ్గర నిలబడి "క్లాసు బాగా జరిగిందా?" అన్నావు. ఊఁ అన్నాను.

ఎన్నోసార్లు చెప్పాలనుకున్నాను. నోటితో చెప్పలేక రెండు వందల నాలుగు పేజీలు రాశాను. ఆ పద్నాలుగూ నీకు చెప్పడానికే. నువ్వేమో వాటినే కుట్టేశావు.

అంతమంది ముందు నువ్వు అబద్ధం ఆడావని చదివాక ఇక దాచలేకపోయాను. నాకు ఎన్ని వారాలు కాఫీ మాన్పిస్తావో మాన్పించు. నువ్వు పెంచబట్టే రాయగలిగానవ్వా. నువ్వు పెట్టిన ఒత్తులే అన్నీ.

సుచరిత

—

కొమరోలు మండలం,
30 నవంబర్ 2025

నా సుచరితకు,

నీ ఉత్తరం వచ్చిన మర్నాడు ట్రంకుపెట్టె తీసి 2018 డైరీ వెతికాను. దొరికింది. నవంబరు 11, ఆదివారం. నా చేతిరాతే. "సుచరిత స్పెషల్ క్లాసు. రాత్రి ఏడు ఇరవైకి వచ్చింది. రెండు చెప్పుల్లోనూ ఇసుక. బడిలో గోడ కట్టుబడి పని జరుగుతోంది కాబోలు."

అంతటితో ఊరుకోలేదు. పిల్లలు తిరిగే చోట ఇసుక కుప్పలు వదిలేయడం బాధ్యతారాహిత్యమని మీ బడి హెడ్మాస్టరుకు ఆ వారమే ఫిర్యాదు రాశాను. అక్కడ ఏ కట్టుబడీ లేదు. అయినా ఆయన క్షమించమని జవాబు రాశారు. పాపం, ఏ ఇసుకో ఆయన ఎంత వెతికించారో. ఆ జవాబు కూడా డైరీలోనే మడిచి ఉంది.

61వ పేజీలోని ఆ "ఏదీ కనిపెట్టదు" వాక్యాన్ని రెండో ముద్రణలో తీసేయమని రాయాలనుకున్నాను. ఉంచు. నిజమే రాశావు.

నీకు శిక్ష ఏమీ లేదు. ఏడేళ్ళు అనుభవించావు, చాలు. ఈ మాట రాయడానికి నాకు మూడు కాగితాలు పట్టాయి. ముందటి రెండూ చింపేశాను.

ఒక చిక్కు వచ్చి పడింది. కథలో పిల్ల అవ్వకు చెప్పిందా లేదా అని వీళ్ళు రోజూ కొట్లాడుకుంటున్నారు. ఇవాళ ఉండబట్టలేక "చెప్పింది" అన్నాను.

"మీకెట్ల తెలుసు టీచరమ్మా?" అంది సరళ.

"రచయిత్రి ఉత్తరం రాసింది."

"మీకా? హైదరాబాదు నుంచా? ఊరుకోండి టీచరమ్మా, అబద్ధాలు" అంది పోలేరమ్మ.

సుచరితా, జీవితంలో రెండంటే రెండు అబద్ధాలు ఆడాను, ఊరంతా నమ్మింది. నిజం చెబితే నమ్మడం లేదు. ఉత్తరం చూపిస్తేనే లేస్తామని పట్టుబట్టారు. అది నీ సొంత విషయం, నువ్వు ఒప్పుకుంటేనే చూపిస్తాను. ఒప్పుకునేటట్టయితే ఈ ఒక్కసారికి ఫోను చెయ్. నీ జవాబు ఉత్తరంలో వచ్చేదాకా వీళ్ళు ఆగేలా లేరు. ఇరవై మూడు మందీ అరుగు మీదే ఉన్నారు. నేను ఈ మాట రాస్తుండగానే పోలేరమ్మ కిటికీ ఊచలు పట్టుకుని, "అయిపోయినాదా టీచరమ్మా? ఏం రాస్తాండారు అంతసేపు?" అంటోంది.

నీ అవ్వ